ఉగాదిలోపు చివరి కోత: పటమట మిద్దె తోట డైరీ

2025 ఫిబ్రవరి 4, రథసప్తమి

శీతల దేశాలలో ఇంటి తోట పెంచుకునేవారికి ముగింపు తేదీని వాతావరణమే చెబుతుంది. ఒక రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగి, మొక్కల కణాలలోని నీరు గడ్డకట్టి, తెల్లవారేసరికి టమాటా, వంగ, మిరప, చిక్కుడు అన్నీ నల్లబడి వాలిపోతాయి. అందుచేత ఆ రాత్రి రాకముందే కాయలన్నీ కోసి వారు ఇంట్లోకి చేర్చుకుంటారు. మన రాష్ట్రంలో అటువంటి భయం లంబసింగి, చింతపల్లి వంటి మన్యం ఎత్తులలో తప్ప లేదు. విజయవాడలో శీతాకాలపు తోటను ముగించేది ఎండ. అయితే ఎండ ఒక్క రాత్రిలో వచ్చి పడదు. అది రోజుకు కొంత పెరుగుతుంది కనుక, తోటను చూసుకునేవారు కూడా ముగింపును రోజుకు కొంత వాయిదా వేస్తూ పోతారు. ఆ వాయిదాలన్నీ కలిసి ఏప్రిల్ నడిమికి చేరేసరికి, బిందెలకొద్దీ నీళ్లు తాగుతూ ఒక్క పిందె కూడా నిలపలేని మొక్కలు, నల్లి పట్టిన ఆకులు, ఎర్రబడకుండానే మెత్తబడిన కాయలు డాబా మీద మిగులుతాయి.

ఈ సంవత్సరం చివరి కోతను ఒక పనిగా పెట్టుకుని, గడువు నిర్ణయించి, వరుసలో చేయాలని అనుకున్నాను. గడువు మార్చి 30, ఉగాది. ఈ డైరీ ఆ పని కోసమే.

మాది పటమటలో రెండు వాటాల ఇల్లు. పై వాటా డాబా మీద అడ్డంగా కోసిన నీలం డ్రమ్ములు, గ్రోబ్యాగులు, రంగుల కంపెనీల ఖాళీ బకెట్లు ఉన్నాయి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కోకోపిట్ (కొబ్బరి పొట్టు), కొంచెం వేపపిండి కలిపిన మిశ్రమం వాటిలో ఉంది. ప్రస్తుతం నాటు టమాటా, అర్క రక్షక్ టమాటా, భాగ్యమతి వంగ, బజ్జీ మిరప, కారానికి లాం ఫారం (గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధనా కేంద్రం) వారి ఎల్‌సీఏ 334 మిరప, పందిరి మీద చిక్కుడు, కింద ముల్లంగి, కొత్తిమీర, పాలకూర, నాలుగు క్యాబేజీలు ఉన్నాయి.

ఈ ఉదయం చిక్కుడుకాయలతో రథం కట్టి, పరమాన్నం చిక్కుడాకుల మీద నైవేద్యం పెట్టాము. కాయలూ ఆకులూ రెండూ మా పందిరివే. తోటపని కంటితో చూస్తే ఈ పండుగ మంచి కాలసూచిక కూడా. పందిరి చిక్కుడు పగటి నిడివి తగ్గిన తరువాతనే పూతకు వస్తుంది. మాఘమాసానికి కాపు నిండుగా ఉండి, పగళ్లు పెరిగేకొద్దీ పూత పలచబడుతుంది. కాబట్టి చివరి కోత పనులు చిక్కుడుతోనే మొదలు కావాలి. గుత్తులు బాగా వచ్చిన ఒక తీగను ఎంచి, దాని కింది గుత్తులకు ఎర్ర దారం కట్టాను. ఆ కాయలు ఇక కూరకు కోయము, విత్తనానికి వదిలేస్తాము. దారం కట్టడం అవసరమే, ఎందుకంటే మా ఇంట్లో కాయలు కోసే చేతులు ఒకటి కన్నా ఎక్కువ.

ఫిబ్రవరి 15

వెనక్కి లెక్క వేసుకోవలసిన రోజు ఇది. టమాటాలో పువ్వు విచ్చి పిందె పట్టిన తరువాత కాయ పెరిగి పండడానికి దాదాపు నెలన్నర పడుతుంది. రకాన్ని బట్టి, చలిని బట్టి రెండు నెలలు కూడా పడుతుంది. గడువు మార్చి చివర అయినప్పుడు, ఈ రోజు తరువాత విచ్చే పువ్వు ఎంత అందంగా ఉన్నా గడువులోపు పండు కాదు. అది మొక్క శక్తిని తీసుకుంటుందే కాని తిరిగి ఏమీ ఇవ్వదు.

అందుచేత టమాటా మొక్కల తలలు తుంచాను. చివరి గుత్తికి పైన రెండు ఆకులు మాత్రం ఉంచాను, ఎందుకంటే ఆ ఆకుల నీడ లేకపోతే మార్చి ఎండకు కాయల భుజాలు తెల్లగా కాలి, ఆ చోట బూజు పడుతుంది. పక్క పిలకలను గిల్లి వేశాను, ఇంకా విచ్చని పూత గుత్తులను తీసివేశాను. మంచు దేశాలవారు కూడా మొదటి గడ్డమంచుకు నెల, నెలన్నర ముందు ఇదే పని చేస్తారు. భయపడేది వేరైనా లెక్క ఒకటే.

అత్తయ్యగారు మెట్లెక్కి వచ్చి చూసి, "పూతంతా తుంచేస్తున్నావేమిటే అమ్మాయ్, పూసే చెట్టు ఉసురు తగులుతుంది" అన్నారు. ఆవిడది దివిసీమ, పొలం ఇల్లు; మొక్కల సంగతి ఆవిడకు తెలియనిది కాదు. లెక్క చెప్పాను. "నీ లెక్కలు నీవి కాని, ఒక్క చెట్టునన్నా వదిలిపెట్టు, చూద్దాం" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. మూలనున్న డ్రమ్ములోని ఒక నాటు టమాటాను తల తుంచకుండా, పిలకలు గిల్లకుండా వదిలాను. మిగిలినవాటితో పోల్చడానికి అదే మాకు కొలమానం.

జీవామృతం (పేడ, గోమూత్రం, బెల్లం, పప్పు పిండి పులియబెట్టిన ద్రవ ఎరువు) ఈ వారం నుంచి టమాటాలకు ఆపివేశాను. నత్రజని అందితే మొక్క ఆకు వేయడానికే చూస్తుంది, ఇప్పుడు కావలసింది ఉన్న కాయ ఊరడం. మిరపకు, వంగకు మాత్రం కొనసాగుతుంది, ఎందుకంటే వాటి భవిష్యత్తు వేరు.

మదనపల్లె వైపు రైతులు ఎండాకాలంలో కూడా టమాటా ఎలా పండిస్తారని మా కింది వాటావారు అడిగారు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ రాత్రులు చల్లబడతాయి. టమాటాకు పగటి ఎండ కన్నా రాత్రి ఉక్క ఎక్కువ చేటు చేస్తుంది. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటడం మొదలైతే పుప్పొడి సరిగా తయారు కాదు, పువ్వు తొడిమ దగ్గరే రాలిపోతుంది. కృష్ణ ఒడ్డున, కాంక్రీటు మధ్య, రాత్రి పది గంటలకు కూడా వేడి ఊదే డాబా మీద మదనపల్లె పంటను ఆశించడం అన్యాయం.

ఫిబ్రవరి 27

నిన్న శివరాత్రి. చలి "శివ శివా" అంటూ వెళ్లిపోయింది. డాబా మీద వేలాడదీసిన ఉష్ణమాపకం చూస్తే ఆ సామెత ఎంత నిజమో తెలుస్తుంది.

ఆకుకూరల పడకలను ఈ రోజు ఖాళీ చేశాను. ముల్లంగిలో మిగిలినవన్నీ పీకాను. ఇంకో వారం ఆగితే దుంప లోపల బెండుపట్టి, ఘాటు పెరిగి, సాంబారుకు కూడా పనికిరాదు. పాలకూర నడిమి కాడ లేవడం మొదలైంది కనుక దానినీ మొదలంటా కోసేశాను. క్యాబేజీలు చిన్నవే, అయినా గట్టిపడ్డాయి. వేడి పెరిగినప్పుడు తల పగులుతుంది కాబట్టి నాలుగింటినీ కోశాను.

కొత్తిమీరను మాత్రం పీకలేదు. అది ఆకు సన్నబడి గొడుగు పూతకు వచ్చింది, కూరకు పనికిరాదు. కాని చిక్కుడు లేతకొనల మీద పేనుబంక నల్లగా పట్టి ఉంది, ఆ పేనుబంకను తినే అక్షింతల పురుగులు ఈ తెల్లని పూత కోసం వచ్చి చేరతాయి. చిక్కుడు కింద కొత్తిమీర పూత ఉండగా మందు కొట్టడమంటే మన పక్షాన పనిచేసేవారిని చంపుకోవడమే. కొనలను తుంచి, మిగిలిన పేనును నీళ్ల ధారతో కడిగాను. ధనియాలు వస్తే అవి అదనపు లాభం.

మార్చి 8

మిరప ఆకులు ముడుచుకుంటున్నాయి. దీనిని చూడగానే అందరూ "వైరస్" అంటారు, అది తొందరపాటు. గుంటూరు జిల్లా రైతులు ముడతను రెండుగా చూస్తారు: ఆకు అంచులు పైకి లేచి పడవలా ముడిస్తే పైముడత, అది తామర పురుగు పని, అంచులు కిందికి వంగి ఆకు సాగినట్లయితే కింది ముడత, అది నల్లి పని. చిన్న ఆకులు గుబురుగా, పసుపు మచ్చలతో, ఎదుగుదల ఆగిపోయి ఉంటేనే వైరస్‌ను అనుమానించాలి. మా బజ్జీ మిరపలో ఉన్నది కింది ముడత. 2021లో నల్ల తామరపురుగు వచ్చి గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప పూతను ఊడ్చిపెట్టిన తరువాత, ఇళ్ల మీద మిరప పెంచేవారు కూడా పువ్వులు విప్పి చూడడం నేర్చుకున్నారు. తెల్ల కాగితం మీద పువ్వులు దులిపి చూశాను, తామర పురుగులు పెద్దగా లేవు.

ఉదయం ఆకుల అడుగు తడిసేటట్లు నీళ్లు కొట్టి, సాయంత్రం లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు ద్రావణం కలిపి చల్లాను. వేపనూనెను ఎండలో చల్లితే ఆకు మాడుతుంది, ఈ నెలలో ఆ జాగ్రత్త మరీ అవసరం. రెండు మిరప మొక్కలు వైరస్ లక్షణాలు చూపిస్తున్నాయి. వాటిని పీకి, కంపోస్టు డ్రమ్ములో వేయకుండా సంచిలో కట్టి చెత్త బండికి ఇచ్చాను.

షేడ్‌నెట్ గురించి ఒక మాట. సగం ఎండను ఆపే ఆకుపచ్చ వల కడితే టమాటాను మే నెల దాకా నడపవచ్చని చాలామంది చెబుతారు, వలలు అమ్మేవారు మరీ చెబుతారు. ఆకులు పచ్చగా ఉండడం నిజమే. కాని వల రాత్రి ఉష్ణోగ్రతను తగ్గించదు, పువ్వు రాలడాన్ని ఆపదు. నా అభిప్రాయంలో వల కట్టవలసింది ఎండాకాలపు ఆకుకూరలకు, కొత్త నారుకు. ముగింపుకు వచ్చిన టమాటాకు కాదు. నేను కొన్న వలను మడిచి, తోటకూర పడక కోసం పెట్టాను.

మార్చి 16

విత్తనాల వారం.

చిక్కుడులో ఎర్ర దారం కట్టిన గుత్తులు గలగలలాడుతున్నాయి. కోసి, ఒలిచి, నీడలో గాలి తగిలే చోట పరిచాను. గింజ గోటికి లొంగకుండా, పంటి కింద పెడితే కటుక్కుమని విరిగేటట్లు ఎండాలి. చిక్కుడు గింజకు ప్రధాన శత్రువు పుచ్చుపురుగు. తోటలోనే కాయ మీద గుడ్డు పెట్టి, గింజలోపల పెరిగి, డబ్బాలో పెట్టిన తరువాత గుండ్రని కన్నం చేసుకుని బయటికి వస్తుంది. పాతకాలంలో గింజలను బూడిదలో కలిపి కుండలలో పెట్టేవారు. అత్తయ్యగారు ఇప్పటికీ కచిక (పిడకల) బూడిద, వేపాకు తప్ప మరొకటి ఒప్పుకోరు. నేను పూర్తిగా ఎండిన గింజలను గాజు సీసాలో మూతబిగించి కొద్ది రోజులు ఫ్రీజర్‌లో ఉంచుతాను, గుడ్లూ పిల్లపురుగులూ చస్తాయి. గింజలో తేమ మిగిలి ఉంటే గడ్డకట్టి మొలకశక్తి పోతుంది కనుక ఆరబెట్టడం ముగియకుండా ఆ పని చేయకూడదు. సీసాను బయటికి తీసిన తరువాత కూడా గది వేడికి వచ్చేవరకు మూత తీయకూడదు, లేకపోతే గాలిలోని చెమ్మ గింజల మీద చేరుతుంది. సగం గింజలు ఆవిడ పద్ధతిలో కుండలోకి, సగం నా పద్ధతిలో సీసాలోకి వెళ్లాయి.

టమాటా విత్తనం నాటు రకం నుంచి మాత్రమే తీశాను. అర్క రక్షక్ బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ ఇచ్చిన సంకరజాతి. ఆకుముడత వైరస్‌ను, బాక్టీరియా వడలు తెగులును, తొలిదశ ఆకుమాడు తెగులును తట్టుకుంటుంది. దాని గింజలు మొలవవని కాదు, మొలుస్తాయి, కాని పిల్లలలో తల్లి గుణాలు చెల్లాచెదురవుతాయి. నాటు రకంలో ఆరోగ్యంగా ఉన్న మొక్క మీద బాగా పండిన కాయలను ఎంచి, గుజ్జుతో సహా గింజలను గ్లాసులో పిండి, మూతగా పలచని బట్ట కట్టి రెండు రోజులు ఉంచాను. గింజ చుట్టూ ఉండే జిగురు మొలకను అడ్డుకుంటుంది, ఆ జిగురు పులిసి కరిగిపోవాలి. మార్చి వేడిలో రెండు రోజులు చాలు. ఇంకా ఉంచితే గింజలు గ్లాసులోనే మొలకెత్తుతాయి. మునిగిన గింజలను జల్లెడలో కడిగి, స్టీలు పళ్లెంలో పలచగా పరిచి నీడలో ఆరబెట్టాను. కాగితం మీద పరిస్తే అంటుకుపోతాయి.

వంగకు ఒక కాయను పసుపురంగు వచ్చేవరకు మొక్క మీదనే వదిలాను, అది ఇంకా సిద్ధం కాలేదు. మిరప విత్తనం తీయలేదు. బజ్జీ రకమూ కారం రకమూ పక్కపక్కనే ఉన్నాయి, మిరపలో పరపరాగ సంపర్కం గణనీయంగా జరుగుతుంది. అటువంటి గింజ నాటితే వచ్చేది బజ్జీకీ కాదు, కారానికీ కాదు.

విత్తనాలు ఎక్కువే తీశాను. గత సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు అజిత్‌సింగ్ నగర్‌లో మా బంధువుల ఇంట్లో సామానుతో పాటు ఏళ్ల తరబడి దాచుకున్న విత్తనాల డబ్బాలు కూడా నీటి పాలయ్యాయి. వారికి ఇవ్వవలసిన పొట్లాలు వేరుగా కట్టాను.

మార్చి 22, 23

చివరి కోత. ఉగాదికి వారం ముందు శని ఆదివారాలు ఎంచుకోవడానికి కారణం, కోసిన తరువాత పని కోయడం కన్నా పెద్దది. ఊరగాయ ఊరాలి, ఒరుగులు ఎండాలి, పండుగ వంటకు వంటిల్లు ఖాళీ కావాలి.

శుక్రవారం నీళ్లు పెట్టలేదు. నీళ్లు తాగిన వెంటనే కోసిన టమాటా పగులుతుంది, ఊరగాయలో నీరు ఎక్కువవుతుంది. శనివారం ఉదయం, మంచు తడి ఆరి ఎండ ఇంకా ఎక్కకముందే మొదలుపెట్టాము. మావారు పందిరి తాళ్లు విప్పారు, నేను కోశాను, అత్తయ్యగారు కుర్చీ వేసుకుని ఏరారు. టమాటాలను కాయగా కాకుండా కొమ్మగా కత్తిరించి కిందికి దించాము. తొడిమలు ఊడితే ఆ గాయం నుంచి కుళ్లు మొదలవుతుంది.

ఏరడమే ఈ పనిలో అసలు విద్య. పూర్తిగా పండినవి ఊరగాయకు. దోరవి, అంటే అడుగున లేత గులాబీ రంగు తిరిగినవి, ఇంట్లో మాగబెట్టడానికి. పచ్చివాటిలో రెండు రకాలున్నాయి, ఆ తేడా తెలియకపోతే పెట్టెడు కాయలు వృథా అవుతాయి. ముదిరిన పచ్చికాయ లేత ఆకుపచ్చకు తిరిగి, పైతోలు మెరుస్తూ, కింది కొసన తెల్లని నక్షత్రపు గుర్తు చూపిస్తుంది. అనుమానం ఉంటే ఒక కాయను అడ్డంగా కోసి చూడాలి: గింజల చుట్టూ జిగురు ఏర్పడి, కత్తికి గింజలు తెగకుండా పక్కకు జారితే ఆ కాయ తల్లి మొక్క లేకపోయినా పండుతుంది. గింజలు కత్తికి తెగితే అది లేతకాయ. దానిని ఎంతకాలం దాచినా ముడుతలు పడుతుందే కాని పండదు. లేతవన్నీ పచ్చి టమాటా పప్పుకు, నువ్వులు వేసిన పచ్చడికి పోయాయి.

మాగబెట్టేవాటిని అట్టపెట్టెలో పాత దినపత్రికలు పరిచి, ఒకదానికొకటి తగలకుండా ఒకే వరుసలో పేర్చి, మధ్యలో ఒక మాగిన చక్కెరకేళి అరటిపండు పెట్టాను. పండే పండు నుంచి వెలువడే ఇథిలీన్ వాయువే మిగిలినవాటిని పండిస్తుంది. పెట్టెను కిటికీ ఎండలో పెట్టే అలవాటు కొందరికి ఉంది, టమాటా పండడానికి వెలుతురు అక్కరలేదు, వేడి మితంగా ఉంటే చాలు. వేడి 30 డిగ్రీలు దాటితే కాయకు ఎరుపునిచ్చే లైకోపీన్ తయారు కాదు, పసుపు రంగు మాత్రం వస్తూనే ఉంటుంది. ఎండాకాలపు టమాటాలు నారింజ రంగులో ఆగిపోవడానికి కారణం ఇదే. ఫ్రిజ్‌లో పెడితే మరో కష్టం: 10 డిగ్రీల కన్నా తక్కువ చలిలో పచ్చికాయ పండే శక్తినే కోల్పోతుంది, తరువాత బయట పెట్టినా రుచి రాదు. మా పై వాటా గదులకు పైకప్పు వేడి దిగుతుంది కనుక పెట్టెలను కింది వాటాలో ఉత్తరపు గదిలో ఉంచడానికి వారిని అడిగాము. వారు అద్దెగా ఒక గిన్నెడు పచ్చడి అడిగారు.

చిక్కుడు ఆదివారం పీకాము. పాదు మొదలు నరికి, వేర్లను మట్టిలోనే వదిలాము. చిక్కుడు వేళ్ల బుడిపెలలో నత్రజనిని నిలిపే సూక్ష్మజీవులు ఉంటాయి, ఆ వేర్లు మట్టిలో కుళ్లడమే మంచిది. టమాటా వేర్లను మాత్రం ఒక్కొక్కటిగా పీకి కడిగి చూశాము. రెండు డ్రములలోని వేర్లకు ముత్యాల్లాంటి ఉబ్బులు కనిపించాయి. అవి నులిపురుగుల బుడిపెలు. ఆ డ్రమ్ముల మీద సుద్దతో గుర్తు పెట్టాను.

మార్చి 24 నుంచి 29 వరకు

టమాటా ఊరగాయ: కడిగి, తడి లేకుండా తుడిచి, ముక్కలు కోసి, కిలో ముక్కలకు 100 గ్రాముల కల్లుప్పు, ఒక చెంచా పసుపు కలిపి జాడీలో పెట్టాము. మూడో రోజు ముక్కలను ఊట నుంచి పిండి తీసి, డాబా మీద పరిచి ఎండబెట్టాము. అదే ఊటలో కిలోకు 100 గ్రాముల చింతపండు నానబెట్టాము. ఎండ మీద మనకున్న ఫిర్యాదులన్నీ ఈ పనిలో చెల్లిపోతాయి. తోటకు పనికిరాని ఎండ ఊరగాయకు చక్కగా పనికివచ్చింది. ముక్కలు తోలులా సాగేంతగా ఎండిన తరువాత, నానిన చింతపండుతో కలిపి రుబ్బి, కారం, మెంతిపిండి, ఆవపిండి కలిపి జాడీకి ఎత్తాము. ఇంగువ పోపు ఎప్పటికప్పుడు, వాడుకునే భాగానికే.

ఒరుగులకు వంకాయలు, మిగిలిన చిక్కుడుకాయలు తీసుకున్నాము. చిక్కుడుకాయలను ఈనెలు తీసి, మరిగే ఉప్పునీటిలో కొద్ది నిమిషాలు ఉంచి, వార్చి, పలచని బట్ట మీద ఎండబెట్టాము. ఉడికించకుండా ఎండబెడితే రంగు చెడి గడ్డివాసన వస్తుంది. వంకాయలను పొడుగు ముక్కలుగా కోసి ఉప్పునీటిలో వేసి తీసి, ఎండలో పరిచాము. విరిస్తే టప్పున విరిగేవరకు ఎండాలి. వానాకాలంలో కూరగాయలు ప్రియమైనప్పుడు ఈ ఒరుగుల పులుసు ఎంత ఆదుకుంటుందో అత్తయ్యగారు చెబుతుంటే, ఫ్రిజ్ లేని రోజులలో ప్రతి ఇంట్లో చివరి కోత ఇలాగే జరిగి ఉండాలని అనిపించింది.

బజ్జీ మిరపకాయలలో నిటారువి, మచ్చలేనివి చల్లమిరపకాయలకు పోయాయి. నిలువుగా చీరి, ఉప్పు, వాము కలిపిన పుల్లని చిక్కటి మజ్జిగలో రాత్రంతా నానబెట్టి, పగలు ఎండలో పెట్టి, సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలో వేశాము. మజ్జిగ అంతా కాయలోకి ఇంకేవరకు ఇది సాగుతుంది. ఎల్‌సీఏ 334లో పండినవాటిని కొరివి కారం చేయాలా, ఎండుమిర్చి చేయాలా అని ఇంట్లో చర్చ జరిగింది. కొరివి కారమే గెలిచింది. కొద్ది కాయల కోసం ఎండుమిర్చి చేయడం, పక్కనే గుంటూరు మిర్చి యార్డు ఉన్న చోట, కేవలం పట్టుదల.

మార్చి 30, ఉగాది

పచ్చడిలోకి మిరపకాయ మాది, వేపపువ్వు వీధి చివరి చెట్టుది, మామిడికాయ రైతుబజారుది.

సాయంత్రం వంగ మొక్కలను కత్తిరించాను. టమాటాలా వంగను పీకనక్కరలేదు. భూమికి ఒక జానెడు ఎత్తున ఏటవాలుగా కోసి, కోతకు పశువుల పేడ పూసి, రెండు పిడికిళ్ల వర్మీకంపోస్టు, ఒక పిడికెడు వేపపిండి వేసి నీళ్లు పెడితే, కొత్త చిగుళ్లు వచ్చి కార్సి కాపు (మోడు నుంచి వచ్చే రెండో కాపు) ఇస్తుంది. కొమ్మపురుగు తొలిచిన కొమ్మలు కూడా ఈ కోతతో పోతాయి, వాటిని అక్కడే చీల్చి, లోపలి పురుగును చంపిన తరువాతే పారవేయాలి. ఎల్‌సీఏ మిరపలను మూడో వంతు కుదించాను. అవి నిలిస్తే నిలుస్తాయి, వాటి మీద పెద్ద ఆశ పెట్టలేదు.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

అట్టపెట్టెలలోని దోరకాయలు పండి అయిపోయాయి. ముదిరిన పచ్చికాయలు ఒక్కొక్కటిగా రంగు తిరుగుతున్నాయి. కుళ్లినవి కొద్దిగా ఉన్నాయి, రోజూ చూసి తీసివేయడం వలన పక్కవాటికి అంటలేదు. పండినవాటి రుచి మొక్క మీద పండినవాటికి సాటి రాదని ఒప్పుకోవాలి. పప్పుకు, రసానికి తేడా తెలియదు. పచ్చిగా ఉల్లిపాయతో తింటే తెలుస్తుంది.

ఈ రోజు మట్టి పని. నులిపురుగులు కనిపించిన డ్రమ్ముల మట్టిని డాబా మీద పాత పట్టాపై జానెడు మందాన పరిచి, బాగా తడిపి, పైన పారదర్శకమైన పలచని పాలిథీన్ కప్పి, అంచుల చుట్టూ తడి ఇసుక పోశాము. నల్ల పాలిథీన్ ఈ పనికి సరిపోదు, అది తాను వేడెక్కుతుందే కాని ఎండను మట్టిలోకి పోనివ్వదు. పొడి మట్టిని కప్పినా లాభం తక్కువ, వేడి లోపలికి దిగడానికి తేమ కావాలి. నాలుగు నుంచి ఆరు వారాలు ఇలా ఉంచితే నులిపురుగులు, కలుపు గింజలు, అనేక రకాల శిలీంధ్రాలు చస్తాయి. మంచివి కూడా కొన్ని చస్తాయి కనుక, తీసిన తరువాత కంపోస్టు కలపడం తప్పనిసరి.

చిక్కుడు పెరిగిన డ్రమ్ములలో పచ్చిరొట్ట ఎరువుగా పిల్లిపెసర చల్లాను. పూతకు రాగానే మట్టిలో కలిపివేస్తాను. రెండు బకెట్లలో గోంగూర, వల కింద తోటకూర, బచ్చలి వేశాను. బెండ, గోరుచిక్కుడు ఈ ఎండకు జంకవు కాబట్టి మిగిలిన గ్రోబ్యాగులలో వాటికే చోటు.

ఏప్రిల్ 20

అశ్విని కార్తె నడుస్తోంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా వడగాలుల హెచ్చరికలు పంపుతోంది. తల తుంచకుండా వదిలిన మూల టమాటా సంగతి రాయవలసిన సమయం వచ్చింది.

ఆ మొక్క నా భుజం దాకా పెరిగింది. మార్చి పదిహేను తరువాత విచ్చిన పువ్వులలో ఎక్కువ భాగం ఎండిన తొడిమలతో రాలిపోయాయి. నిలిచిన కాయలు నిమ్మకాయ అంతే ఊరి, నారింజ రంగులో ఆగిపోయి, ఎండ తగిలిన వైపు తెల్లబడ్డాయి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు పెట్టినా మధ్యాహ్నానికి ఆకులు వేలాడుతున్నాయి, అడుగున ఎర్రనల్లి సాలెగూడు అల్లింది. అయినా అత్తయ్యగారి మాటలో నిజం లేకపోలేదు: ఏప్రిల్ మొదటి వారం దాకా ఆ ఒక్క చెట్టు చారుకు సరిపడా కాయలు ఇచ్చింది. అంటే గడువును ఉగాదికి వారం పది రోజుల అవతలికి జరపవచ్చు, అది కూడా తల తుంచని ఒకటి రెండు మొక్కలకు. ఆవిడతో ఇదే చెప్పాను. "అయితే వచ్చే ఏడు రెండు చెట్లు వదులు" అన్నారు. ఒప్పుకున్నాను.

ఈ సాయంత్రం ఆ మొక్కను పీకాము. వేర్లలో బుడిపెలు లేవు, కనుక ఆ డ్రమ్ము మట్టిని పాలిథీన్ కిందికి చేర్చనక్కరలేదు. దానిలో కూడా పిల్లిపెసర చల్లాను. నల్లి పట్టిన కొమ్మలను సంచిలో కట్టాను. పాలిథీన్‌ను మే చివర తీసి, వేపపిండీ కంపోస్టూ కలిపి డ్రమ్ములు నింపాలి. వచ్చే శీతాకాలం టమాటా నారుకు ఆగస్టు చివర గింజలు వేయాలి, తల తుంచడానికి ఫిబ్రవరి 15ను క్యాలెండరులో ఇప్పుడే గుర్తు పెట్టాను.